ఇంకా రాని పాఠకుడి సొత్తు

పరిశోధన సంస్థలో గ్రంథాలయానికీ, ఆర్కైవ్స్‌కీ పెద్దగా ఉన్న మనిషి చేతికింద ఉన్నదంతా పరాయి సొత్తే. తాటాకుల మీద రాసినవాళ్లు ఏనాడో పోయారు. ఆ కట్టలు తెచ్చి ఇచ్చిన ఇళ్లవాళ్లకు వాటిలో ఏముందో తెలియదు. జీతమిచ్చే సంస్థకు అవి ఆస్తి రిజిస్టరులో కొన్ని నంబర్లు. చదివి ఉపయోగించుకోవలసిన వాళ్లలో ఎక్కువమంది ఇంకా పుట్టనే లేదు. ఇలాంటి సొత్తు నిలవాలంటే దాచాలి, సార్థకం కావాలంటే అందరికీ అందాలి. చేతులు మారినకొద్దీ ఆకు అరుగుతుంది, బీరువాలోనే ఉంటే ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఈ రెండింటిలో ఏది ముందు, ఎవరి కోసం అన్నది పైకి ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి దీని మీద బౌద్ధులు, జైనులు, వైదికులు ఎవరి దారిన వారు చాలాకాలం ఆలోచించారు. ఆ మూడు దారులూ కలిసే చోటు ఉత్తరాంధ్రలో ఒకటుంది. అది విజయనగరం జిల్లా నెల్లిమర్ల.

నెల్లిమర్ల అంటే చంపావతి నది, జూట్ మిల్లు గుర్తొస్తాయి. రామతీర్థం కూడా ఆ మండలంలోదే. అక్కడి కొండల్లో గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల, చైత్యాల ఇటుక కట్టడాలు శిథిలాలుగా ఉన్నాయి. దుర్గకొండ, బోధికొండల వైపు జైన గుహలు, తీర్థంకరుల ప్రతిమలు ఉన్నాయి. వాటి సరసనే కోదండరాముడి గుడి. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ 1910-11 ప్రాంతంలో ఇక్కడ తవ్వకాలు జరిపాక ఈ కొండల బౌద్ధ చరిత్ర లోకానికి తెలిసింది. జనం మాత్రం అంతకుముందూ ఆ తర్వాతా రాముడి కోసమే కొండకు వస్తున్నారు. ఒక మతం వదిలిన చోట మరొకటి దీపం పెట్టడం తెలుగునేల మీద కొత్త సంగతేమీ కాదు.

విహారానికి ఇచ్చిన దానం ఎవరిది అన్న ప్రశ్నకు పాళీ వినయ పిటకం తడబాటు లేకుండా జవాబు చెప్పింది. అనాథపిండికుడు జేతవనాన్ని సమర్పించింది బుద్ధుడి పేరున గానీ, ఆనాడు అక్కడున్న భిక్షువుల పేరున గానీ కాదు. నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవారికీ ఇంకా రానివారికీ కలిపి ఇచ్చాడు. ఆ పిటకంలోని చుల్లవగ్గ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆరామం, విహారం, వాటి స్థలాలు, మంచాలు, లోహపాత్రలు వంటి ఐదు తరగతుల వస్తువులను ఎవరికీ ధారాదత్తం చేయకూడదంది. ఒక భిక్షువుకే కాదు, మొత్తం సంఘానికీ ఆ అధికారం లేదు. ఇచ్చినా ఇవ్వనట్టే లెక్క. ఉన్నవాళ్లంతా ఏకగ్రీవంగా తీర్మానించినా, రాబోయేవాళ్ల వాటాను ఇచ్చేసే హక్కు వాళ్లకు రాదన్నది ఇందులోని తర్కం.

నేటి పరిశోధన సంస్థల పాలకవర్గాలు ఈ నియమాన్ని ఒకసారి చదువుకుంటే మంచిది. స్థలం చాలదనో, కొత్త భవనానికి డబ్బు కావాలనో పాత సేకరణను వదిలించుకోవాలని తీర్మానం చేసేటప్పుడు ఆ బల్ల చుట్టూ ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఆ కుర్చీ తరఫున మాట్లాడవలసినవాడు గ్రంథాలయ పెద్ద. అతనికి జీతమిచ్చేది కూర్చున్నవాళ్లు, అతను జవాబు చెప్పుకోవలసింది రానివాళ్లకు. ఉద్యోగంలోని అసలు చిక్కు ఇదే.

వినయ పిటకం చెప్పిన ఆ ఐదు తరగతుల్లో పుస్తకం లేదు. అప్పటికి బుద్ధవచనం భిక్షువుల నోటిలోనే ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో సింహళంలో కరువు, యుద్ధం వచ్చి, కంఠస్థం చేసినవాళ్లే చచ్చిపోతుంటే, అలువిహారంలో త్రిపిటకాన్ని ఆకుల మీదికి ఎక్కించారు. మనిషితోపాటు పోయేదాన్ని భద్రంగా ఉందనుకోవడం పొరపాటని ఆ కరువు నేర్పింది. ఈ పాఠం ఇప్పటికీ అన్నిచోట్లా ఒంటబట్టలేదు. ఏ కట్ట ఏ బీరువాలో ఏ అరలో ఉందో పాత అటెండరు ఒక్కడికే తెలిసిన సంస్థలు ఉన్నాయి. ఆయన రిటైరైన మర్నాడు సగం గ్రంథాలయం ఉండీ లేనట్టవుతుంది. కేటలాగు తయారు చేయించని పెద్ద, పుస్తకాలన్నిటినీ ఒక ముసలి మనిషి జ్ఞాపకానికి తాకట్టు పెట్టినట్టే.

జైనుల దారి వేరు. రామతీర్థం దుర్గ గుహలో గోడ మీద ఒక కన్నడ శాసనం ఉంది. 11వ శతాబ్దం ఆరంభంలో వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలానిది. దేశిగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ రామకొండకు వందనం చేశాడని అది చెబుతుంది. నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడికి ఈ విమలాదిత్యుడు తండ్రి. ఇలాంటి ఆచార్యుల సంప్రదాయంలో ఆహారం, అభయం, ఔషధం, శాస్త్రం అని దానాలు నాలుగు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడంతో సమానంగా గ్రంథం ఇవ్వడాన్ని నిలబెట్టిన ధర్మం అది. 10వ శతాబ్దం చివరిలో అత్తిమబ్బె అనే కన్నడ దేశపు జైన శ్రావకురాలు పొన్నకవి రాసిన శాంతిపురాణానికి వెయ్యి ప్రతులు రాయించి పంచింది. అచ్చుయంత్రం లేని రోజుల్లో వెయ్యి ప్రతులంటే ఎన్ని గంటాలు, ఎన్ని చేతులు, ఎన్ని నెలలో ఊహించుకోవలసిందే.

అదే మతంలో దీనికి పూర్తిగా ఎదురైన కథ కూడా ఉంది. దిగంబరులకు పరమ ప్రమాణమైన షట్ఖండాగమం పుష్పదంతుడు, భూతబలి అనే ఇద్దరు సాధువులది. గిరినగరంలో ధరసేనాచార్యుడి దగ్గర ఈ విద్య నేర్చుకోవడానికి వాళ్లిద్దరూ ఆంధ్రదేశం నుంచి వెళ్లారని వీరసేనుడి ధవళ టీక చెబుతుంది. ఆచార్యుడికి వయసు మీదపడి, తనతోపాటు విద్య అంతరిస్తుందన్న భయం పట్టుకోవడమే ఆ పిలుపుకు కారణం. అంతటి ఆరాటంతో రాతకెక్కిన గ్రంథపు తాటాకు ప్రతులు చివరికి దక్షిణ కన్నడలోని మూడబిదిరె బసదికి, అంటే జైన ఆలయానికి చేరాయి. అక్కడ వందల ఏళ్లు వాటికి పూజ జరిగింది. యాత్రికులు దూరం నుంచి దర్శనం చేసుకుని దండం పెట్టి వెళ్లేవారు. చదివేవారు లేరు, నకలు తీసుకోనివ్వరు. ఆకులు శిథిలమవుతున్నాయని 19వ శతాబ్దం చివరన నకలుకు ఒప్పుకున్నా, ఆ నకలు గడప దాటకూడదన్నారు. ఆ పనిలో ఉన్న పండితుడి ఇంటి నుంచే మరో నకలు గుట్టుగా బయటపడింది. దాని పుణ్యమా అని 1939లో హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో తొలి సంపుటం అచ్చయింది.

ఇక్కడ తప్పు ఎవరిది? నమ్మి అప్పగించిన పనిలో దొంగచాటు నకలు తీయడం ద్రోహమే. దాన్ని వీరగాథగా చెప్పుకోనక్కర్లేదు. అయితే ఆ ద్రోహానికి దారి తీసింది తాళమే. శాస్త్రదానాన్ని నాలుగు దానాల్లో ఒకటిగా చెప్పే మతం, తన శాస్త్రాన్నే దానం చేయడానికి వెనకాడింది. బసది పెద్దల వైపు న్యాయం బొత్తిగా లేదనలేం. వాళ్లు కాపాడి ఉండకపోతే దొంగిలించడానికైనా ఏమీ మిగిలేది కాదు. కాపాడినవాడు ఆ కాపాడటం ఎక్కడ ఆపాలో తెలుసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మన దేశంలో దొరకదు.

వైదికుల సంగతి మరీ విచిత్రం. వేదాన్ని చూసి చదివేవాడిని పాణినీయ శిక్ష అధమ పాఠకుల్లో చేర్చింది. వేదాన్ని అమ్మేవాళ్లతోపాటు రాసేవాళ్లకూ నరకం తప్పదని మహాభారతం అనుశాసన పర్వం అంటుంది. గురుముఖం నుంచి స్వరంతో సహా చెవికి అందాల్సిన దాన్ని ఆకు మీద పెడితే స్వరం పోతుంది, అధికారి అనధికారి తేడా పోతుంది అన్నది ఆ కట్టడి వెనకున్న భావం. అందులో మొదటిది పండితుల జాగ్రత్త, రెండోది కులపు కంచె. ఈ రెండింటినీ ఒకటే అనుకుని సమర్థించేవాళ్లూ, ఒకటే అనుకుని తిట్టేవాళ్లూ ఇద్దరూ సగమే చూస్తున్నారు.

నెల్లిమర్ల పక్కనున్న విజయనగరం సంస్థానం ఈ కట్టడిని డబ్బు పెట్టి మరీ దాటింది. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని మొదట 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా తెచ్చాడు. అందుకు పూనుకున్నది ఈస్టిండియా కంపెనీ. ఆ ప్రతులు అయిపోయాక 1890-92 మధ్య నాలుగు సంపుటాల్లో వచ్చిన రెండో ముద్రణ ఖర్చు భరించింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. ఆ రోజుల్లోనే కాశీలో లాజరస్ కంపెనీ అచ్చువేసిన విజయనగరం సంస్కృత గ్రంథమాల కూడా ఈ సంస్థానం పేరు మీదే నడిచింది. దానికి ఆర్థర్ వెనిస్ పర్యవేక్షకుడు. కోటలో నిత్యపూజలు జరుగుతూనే ఉన్నాయి, వేద పండితులకు సంభావనలు అందుతూనే ఉన్నాయి, అవతల ఆక్స్‌ఫర్డ్ అచ్చులో వేదం సాగుతూనే ఉంది. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు రాజావారికి తోచలేదు. వేదం చెవుల్లో బతకాలని సంప్రదాయం కోరుకుంది, చెవులు తగ్గిపోతున్న కాలంలో కాగితం మీదైనా బతకనివ్వాలని సంస్థానం ఎంచుకుంది. ధర్మం మారలేదు, దాన్ని చెల్లించే తీరు మారింది.

పరాయి సొత్తును దగ్గర పెట్టుకున్నవాడి బాధ్యత గురించి ధర్మశాస్త్రాలు న్యాసం, నిక్షేపం అనే ప్రకరణాల్లో విడిగా చర్చించాయి. అవి డబ్బు, నగల గురించి రాసినవి. అయినా గ్రంథాలయ పెద్దకు అచ్చంగా సరిపోతాయి. దొంగలు ఎత్తుకుపోయినా, వరదలో కొట్టుకుపోయినా, నిప్పుకు కాలిపోయినా దాచినవాడు అందులోంచి తానేమీ తీసుకోకపోతే చెల్లించనక్కర్లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం అంటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 215వ నియమం ఇంచుమించు ఇదే మాట నేటి భాషలో చెప్పింది. ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోయినా, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే సహజ నష్టంగానే తీసుకోవచ్చు. వెయ్యి రూపాయలు మించిన పుస్తకం గానీ, ఎంత విలువదైనా అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు. నియమం ఇంత ఉదారంగా ఉన్నా, స్టాక్ వెరిఫికేషన్‌లో ఒక్క పుస్తకం తగ్గితే తన జీతంలో కోత పడుతుందేమోనని భయపడి బీరువాలకు తాళాలేసే గ్రంథపాలకులు కొల్లలు. పుస్తకం పోతే సంజాయిషీ అడిగేవాళ్లు ఉంటారు. చదవకుండా చెదలు తింటే అడిగేవాళ్లు ఉండరు.

నిక్షేప ధర్మంలో ఇంకో నియమం ఉంది. దాచమని ఇచ్చిన సొత్తును దాచినవాడు తన ఇష్టప్రకారం వాడుకుంటే దండనార్హుడని యాజ్ఞవల్క్యస్మృతి అంటుంది. పరిశోధన సంస్థల్లో ఈ నేరం సర్వసాధారణం, దాన్ని నేరంగా ఎవరూ చూడరు. గ్రంథాలయ పెద్ద తరచు తానూ పండితుడే. అరుదైన ప్రతి చేతికొచ్చినప్పుడు, తాను పరిష్కరించి అచ్చు వేసేదాకా మరొకరి కంట పడనీయకూడదనిపిస్తుంది. రెండేళ్లలో అవుతుందనుకున్న పని ఇరవై ఏళ్లు సాగుతుంది. ఈలోగా అడిగినవాళ్లకు కట్ట రిపేరులో ఉందని, కేటలాగు కాలేదని జవాబు వెళ్తుంది. ఇతరుల ఆభరణం పెట్టుకుని పెళ్లికి వెళ్లడంతో దీనికి పెద్ద తేడా లేదు.

ఇందుకు భిన్నంగా నడుచుకున్నవాళ్లూ ఉన్నారు. తంజావూరు ప్రాంతపు పండితుడొకరు 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఒక తాటాకు కట్ట తెచ్చి ఇచ్చారు. అది కౌటిల్యుడి అర్థశాస్త్రమని అక్కడ గ్రంథపాలకుడిగా ఉన్న ఆర్. శామశాస్త్రి గుర్తించాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1909లో మూలం అచ్చయి లోకం చేతికొచ్చింది. ఆ తర్వాత ఆయన పాఠాన్ని విమర్శించినవాళ్లు, సవరించినవాళ్లు చాలామంది వచ్చారు. ఆయన పేరు తగ్గలేదు.

రాముడి కొండ దగ్గర నిక్షేపం గురించి మాట్లాడుతూ భరతుణ్ణి తలచుకోకపోతే లోటే. వాల్మీకి భరతుడు అయోధ్య రాజ్యాన్ని అన్న తన దగ్గర దాచిన సొత్తుగానే ఎంచాడు. పాదుకలు సింహాసనం మీద పెట్టి తాను నందిగ్రామంలో ఉన్నాడు. పద్నాలుగేళ్ల తర్వాత లెక్క అప్పజెప్పేటప్పుడు ధనాగారం, ధాన్యాగారం, సైన్యం పదింతలయ్యాయని రాముడికి చూపించాడు. ఈ కథలో పాదుకల భక్తి అందరికీ గుర్తుంటుంది, పదింతల లెక్క ఎవరికీ గుర్తుండదు. గ్రంథాలయ పెద్దకు ఈ రెండో సంగతే ఎక్కువ అవసరం. పుచ్చుకున్నది పుచ్చుకున్నట్టే తిరిగి ఇవ్వడం బంగారానికి చాలుతుంది. జ్ఞానానికి చాలదు. కేటలాగు, నకలు, స్కానింగు, పరిష్కృత ముద్రణ చేరుతూ ఉంటేనే అది ఉన్నచోట ఉన్నట్టు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది పుస్తకం వాడకానికేనని, చివరిది గ్రంథాలయం పెరిగే జీవి అని చెబుతాయి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు లెక్కల మాస్టారి బుద్ధితో రాసిన ఈ సూత్రాలు భరతుడి లెక్కకు దూరమైనవేమీ కావు.

వాడకం అన్నాక ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వస్తుంది. తాటాకు గ్రంథాల చివర లేఖకులు రాసుకునే ఒక పాత శ్లోకంలో పుస్తకమే మాట్లాడుతుంది. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి కాపాడమని వేడుకుని, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వొద్దంటుంది. మొదటి మూడూ పని తెలిసిన మాటలు. ఆకు కట్టను చేతిలోకి తీసుకున్నవాళ్లకు అవి ఇట్టే అర్థమవుతాయి. చివర్ల దగ్గర గోధుమరంగు తిరిగి పెళుసెక్కిన ఆకు, తాడు పోయే రంధ్రం చుట్టూ ఒరుసుకుని విరుగుతుంది. కట్టు వదులైతే పై పలక కింద గాలి, పురుగు చేరతాయి. గంటంతో గీసిన అక్షరంలో పూసిన మసి పోతే గీత ఉండీ కనిపించదు. తిరిగి మసి పట్టించి, నిమ్మగడ్డి నూనె పలచగా రాసి, ఆకు మెత్తబడ్డాక గానీ చదవడానికి లొంగదు. నూనె నుంచి కాపాడమన్న గ్రంథానికి నూనె రాసే కాపాడుతున్నారు. శ్లోకం భయపడింది వంటింటి చేతికి, దీపపు చమురుకు. భాండాగారంలో వాడే నూనె మోతాదు తెలిసిన మందు.

నాలుగో మాటే కష్టం. మూర్ఖుడెవరో తేల్చేదెవరు? పూర్వం కులం, లింగం చూసి తేల్చారు. ఇప్పుడు డిగ్రీ, సంస్థ లెటర్‌హెడ్, గైడు సంతకం చూసి తేలుస్తున్నారు. తన ఊరి గుడి మాన్యం గురించి కైఫీయతు, అంటే ఊరి చరిత్ర రాసిన పాత పత్రం, చూడాలని వచ్చిన రైతు దగ్గర సిఫారసు ఉత్తరం ఉండదు. అతని ప్రశ్న చాలామంది పరిశోధకుల ప్రశ్నకన్నా పదునైనది కావచ్చు. చేతులు శుభ్రంగా ఉన్నాయా, ఆకును రెండు చేతులతో పట్టుకోవడం తెలుసా అన్నంతవరకు అడగడం ధర్మం. అంతకు మించి అడిగే ప్రతి ప్రశ్నకూ పెద్ద తన మనసులో తాను జవాబు చెప్పుకోవాలి.

కైఫీయతుల ప్రస్తావన వచ్చింది గనక సేకరణ సంగతీ చూడాలి. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర స్థానిక చరిత్రలు రాయించి తెచ్చారు. మెకంజీ 1821లో పోయాక ఆయన భార్య నుంచి కంపెనీ లక్ష రూపాయలకు ఆ సేకరణను కొన్నది. కొంత లండన్ చేరింది. అక్కడ ఇండియా హౌస్‌లో పడివున్న మరికొన్ని తెలుగు, తమిళ, కన్నడ తాళపత్రాలను సి.పి. బ్రౌన్ చూసి మద్రాసుకు తిరిగి రప్పించాడు. 1869లో ఏర్పడిన మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి ఈ సేకరణలే పునాది. కథ సుఖాంతమే. అయినా చెప్పిన కరణం పేరు చాలా చోట్ల లేదు, రాయించిన దొర పేరే ఉంది. దీన్ని సరిదిద్దడానికి ఇప్పటికైనా చేయగలిగింది కేటలాగులో ఉంది. సేకరించినవారితోపాటు చెప్పినవారి పేరు, ఊరు, ఇచ్చిన సందర్భం ఎక్కడ దొరికితే అక్కడ రాయడం.

కేటలాగు రాయడమంటే తీర్పు చెప్పడమే. విమలాదిత్యుడి కాలపు ఆ గుహ శాసనం అచ్చుప్రతి చేతికొస్తే ఏ శీర్షిక కింద పెట్టాలి? రాజు తెలుగునేల పాలకుడు, భాష కన్నడం, ఆచార్యుడు జైనుడు, కొండ పేరు రాముడిది, పక్క కొండ బౌద్ధం. డ్యూయీ వర్గీకరణలో మతానికి ఇచ్చిన విభాగాల్లో ఏడు క్రైస్తవానికే పోతే, మిగతా మతాలన్నీ 290 కింద ఇరుక్కున్నాయి. ఒక వస్తువుకు ఒకే చోటు అన్న పట్టుదల ఇలాంటి శాసనం ముందు ఓడిపోతుంది. వస్తువును అనేక కోణాల నుంచి చూడాలన్న జైనుల అనేకాంతవాదం కేటలాగు గదిలో పనికొచ్చే తత్త్వం. రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణ కూడా ఒక అంశాన్ని ముఖాలుగా విడదీసి చూపుతుంది. రామతీర్థాన్ని ఒక్క మతం పేరున మాత్రమే వెతికితే దొరికేలా రాసిన కేటలాగు అబద్ధం చెప్పదు గానీ, నిజాన్ని మూడొంతులు దాచేస్తుంది.

కొన్ని పత్రాలు లోకం కోసం రాసినవి కావు. విజయనగరంలోనే సంస్థాన శాసన పరిశోధకుడిగా పనిచేసిన గురజాడ అప్పారావు 1915లో పోయాక ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చయ్యాయి. కన్యాశుల్కాన్ని అర్థం చేసుకోవడానికి అవి ఎంతో ఉపయోగపడ్డాయి. తన రోగాలు, ఖర్చులు, చిరాకులు వందేళ్ల తర్వాత విద్యార్థులు చదువుతారని అవి రాసుకున్నప్పుడు ఆయన అనుకుని ఉండడు. పోయినవాడికి గుట్టు ఉంటుందా అన్నది తేలికైన ప్రశ్న కాదు. రోగుల రికార్డుల విషయంలో ఇది ఇంకా బరువెక్కుతుంది. నెల్లిమర్లలో వైద్య కళాశాల ఉంది. ఏ వైద్య కళాశాల రికార్డులైనా రేపటి చరిత్రకారుడికి జిల్లా ఆరోగ్య చరిత్రే. ఈనాటి రోగికి మాత్రం అవి డాక్టరుకు నమ్మి చెప్పుకున్న మాటలు. పేర్లు తీసేసి, గడువు పెట్టి, ఆ గడువును రాతపూర్వకంగా ముందే ప్రకటించడం ఒక్కటే ఇద్దరికీ న్యాయం.

నోటి నుంచి సేకరించినదానికీ ఇలాంటి చిక్కే ఉంది. సవర గిరిజనుల పాటలు, కథలు గిడుగు రామమూర్తి వాళ్ల నోటి నుంచి విని రాసుకున్నారు. వాళ్ల భాషకు వాచకాలు చేసి, బడులు పెట్టి, నిఘంటువు కూర్చి 1938లో అచ్చుకు తెచ్చి ఆయన ఆ రుణం చాలావరకు తీర్చారు. అందరు సేకర్తలూ అలా తీర్చలేదు. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది గనక ఈ ప్రశ్న ఇప్పుడు ఈ జిల్లాదే. ఫలానా కొలుపు పాట పూజ వేళ తప్ప పాడకూడదని ఒక గిరిజన జాతి అంటే, రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టడం విద్యాదానమా, చౌర్యమా? మూడబిదిరె తాళాన్ని తప్పుపట్టినవాళ్లే ఇక్కడ తాళాన్ని సమర్థించవలసి రావచ్చు. తేడా ఉంది. అక్కడ తాళం వేసినవాళ్లు అదే మతంలోని చదువరులను ఆపారు. ఇక్కడ తాళం అడుగుతున్నది ఇంతకాలం తమ మాట చెల్లుబాటు కాని మనుషులు.

ఏది దాచదగినది అన్నదీ సులువు కాదు. శాసనం, తాళపత్రం అంటే అందరూ చేతులు కడుక్కుని వస్తారు. జూట్ మిల్లు కూలీల హాజరు పట్టీ, యూనియన్ కరపత్రం, సంతకు వెళ్లే బండి రసీదు అంటే చిత్తు కాగితాల షాపు గుర్తొస్తుంది. ఎవరు ఏ రోజున పనికి వచ్చారో, ఎంత కూలి ముట్టిందో చెప్పే పట్టీ, ఆ ఊరి శ్రమ చరిత్రకు రాతి శాసనంతో సమానం. అన్నీ దాచే స్థలం ఏ సంస్థకూ ఉండదు. పారేయక తప్పనప్పుడు ఏది, ఎందుకు, ఎవరి సంతకంతో పోయిందో ఒక కాగితం మిగలాలి.

సంస్థ, జీతం, పాలకవర్గం ఏమీ లేకుండా ఈ ధర్మాన్ని నడిపించిన మనిషి శ్రీకాకుళంలోనే ఉండేవారు. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన సాహిత్య అకాడమీ పురస్కారం డబ్బుతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథ ఒక చోట ఉండాలన్నది పట్టు. మంచి కథా చెడ్డ కథా అని వడకట్టలేదు. తానే గొప్ప కథకుడై ఉండి, విమర్శకుడి గద్దెను గ్రంథాలయం గుమ్మం బయటే వదిలిపెట్టడం సామాన్యమైన నిగ్రహం కాదు. పాత పత్రికలు ఉన్నవాళ్లను వెతికి పట్టుకుని, ఇవ్వనివాళ్ల దగ్గర జిరాక్సుకైనా ఒప్పించారు. కథల సూచిక, పేజీల చిత్రాలు తర్వాత ఇంటర్నెట్‌కు ఎక్కాయి. మాస్టారు 2021 జూన్ 4న కన్నుమూశారు. కథానిలయం పరిశోధకులకు, పాఠకులకు ఇప్పటికీ తెరిచే ఉంది.

ఉత్తరాంధ్ర ఇళ్లలో అటకల మీద, దేవుడి గూళ్లలో తాటాకు కట్టలు ఇంకా ఉన్నాయి. దసరాకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకునేవాళ్లు ఉన్నారు. చదవడం రాదని, పారేయడానికి మనసొప్పదని నదిలో కలిపేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి కట్ట ఉన్నవాళ్లు తడిగుడ్డతో తుడవకుండా, బలవంతాన విప్పకుండా, పొడి గుడ్డలో చుట్టి దగ్గరలోని విశ్వవిద్యాలయానికో, ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో కబురు పెట్టాలి. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవాలి. ఇచ్చినవారి పేరు, ఊరు కేటలాగులో రాయమనాలి. స్కాన్ చేసిన ప్రతి ఒకటి తమకు ఇమ్మని అడగాలి. ఇవ్వనన్న సంస్థకు ఇవ్వనక్కర్లేదు.